పిల్లలను ఒడ్డుకు తీసుకువెళ్ళే ముందు ఊరి అవసరం అడగండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా ఉన్న మత్స్యకార గ్రామం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. డిగ్రీ పూర్తిచేసి ఊళ్ళోనే ట్యూషన్ చెబుతున్నాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలు ఇరవైమంది దాకా వస్తారు. పోయిన ఏడాది పట్నం నుంచి ఒక సంస్థవారు వచ్చి, పిల్లలకు టోపీలు పెట్టి, ఒక ఉదయమంతా ఒడ్డు శుభ్రం చేయించి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి ఒడ్డు ఎప్పటిలాగే ఉంది. పిల్లలకు మాత్రం ఆరుబయట నేర్చుకోవడం మీద ఆసక్తి పుట్టింది. ఊరికి ఉపయోగపడే పని ఏదైనా వాళ్ళ చేత ఏడాది పొడుగునా చేయిస్తూ ప్రకృతి గురించి నేర్పాలని నా కోరిక. కానీ ‘తాబేళ్ళ పేరు చెప్పే మా వేట ఆపించారు, ఇప్పుడు మా పిల్లలకూ అదే నూరిపోస్తావా?’ అని పెద్దలు అడుగుతున్నారు. ఆడపిల్లలను పంపడానికి తల్లులు వెనకాడుతున్నారు. అదే సంస్థ ఈ ఏడాదీ వస్తామని కబురు పెట్టింది. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? వాళ్ళను రమ్మనాలా, వద్దనాలా?
— ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట మీ ఊరి పెద్దలు అన్నది. దానిని అడ్డంకిగా భావించి చుట్టుదారిన పోవాలని చూస్తే మీ ప్రయత్నం ఒక్క వేట కాలం కూడా నిలవదు. దానినే మీ పిల్లల మొదటి పాఠంగా చేసుకోండి. ఎందుకంటే ఆ మాటలో మీ ఊరి బతుకు, సముద్రపు జీవం, ప్రభుత్వ చట్టం మూడూ ముడిపడి ఉన్నాయి, ఆరుబయటి విద్యకు ఇంతకు మించిన పాఠం దూరంగా ఎక్కడో అడవిలో దొరకదు.

రుషికుల్య, దేవి, ధామ్రా నదుల మొగల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఒడిశా ప్రభుత్వం వేటపై నిషేధం అమలుచేస్తుంది. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరబోట్ల వేటకు 61 రోజుల విరామం ఉంటుంది. నిషేధానికి కారణం ఉంది. సముద్ర తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వల మధ్యలో చువ్వల చట్రం బిగించి, చేప లోపలికి పోయేలా, తాబేలు బయటపడేలా చేసే ‘టెడ్’ అనే పరికరం ఉన్నా, అన్ని ట్రాలర్లూ దానిని వాడితేనే ప్రయోజనం. ఇంజను బలం ఉన్న పెద్ద బోట్లను దృష్టిలో పెట్టుకుని చేసిన కట్టడి చిన్న పడవ మీద వేటకు పోయేవారి పొయ్యి మీద కూడా పడుతుంది. అందువల్ల మీ ఊరివాళ్ళ కోపంలో న్యాయం ఉంది. తాబేలు బతకాలన్న కోరికలోనూ న్యాయం ఉంది. పిల్లలకు ఈ రెండింటిలో ఒకదానిని దాచిపెట్టి రెండోదానిని మాత్రమే చెప్పడం విద్య అనిపించుకోదు.

కాబట్టి మొదటి నెలా రెండు నెలలూ పిల్లల చేతికి చీపురు, సంచి ఇవ్వకండి. నోటుపుస్తకం ఇవ్వండి. ఇద్దరిద్దరుగా వెళ్ళి సొంత పడవ ఉన్న ఒకరిని, కూలికి వేటకు పోయే కలాసీని, ఎండుచేపలు అమ్మే ఒక అవ్వను, వేట వదిలేసి వల మాత్రమే అల్లుతున్న ఒక తాతను, వీలైతే అటవీశాఖ కాపలాదారును ఒకే రకం ప్రశ్నలు అడిగి రాయమనండి. వాళ్ళ చిన్నతనంలో ఒడ్డు ఎక్కడిదాకా ఉండేది, ఏ నెలలో ఏ చేప పడేది, ఇప్పుడు ఏది తగ్గింది, ఏది కొత్తగా వచ్చింది, ఊరికి అన్నిటికంటే పెద్ద భయం ఏమిటి అని అడగనివ్వండి. ఇంట్లో విన్నది తెలుగులో రాసుకోనివ్వండి, బడిలో చూపించవలసినది ఒడియాలో రాసుకోనివ్వండి. భాష విషయంలో వాళ్ళను ఇబ్బంది పెట్టవద్దు. జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే మరీ మంచిది, రెండింటినీ పక్కపక్కన రాసి, ఎందుకు తేడా వచ్చిందో పిల్లలే ఆలోచించాలి.

ఇక్కడ నా అభిప్రాయాన్ని నిష్కర్షగా చెబుతాను. పన్నెండేళ్ళ పిల్లవాడు ఇంటికి వెళ్ళి తండ్రిని నేరస్థుడిలా చూసే విధంగా తయారుచేసే పర్యావరణ విద్యను, దానివల్ల నాలుగు తాబేళ్ళు బతికినా సరే, నేను సమర్థించలేను. పిల్లలను పెద్దల మీద కాపలా పెట్టడం సేవ కాదు. సేవ అంటే ఊరు తన నోటితో అడిగిన పనిలో, పిల్లల వయసుకు తగిన భాగాన్ని వాళ్ళు తీసుకుని చివరిదాకా చేయడం. పోయిన ఏడాది జరిగిన శుభ్రత కార్యక్రమంలో లోపించింది ఇదే. ఒడ్డు శుభ్రం చేయమని ఊళ్ళో ఎవరూ అడగలేదు, చెత్త ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చూడలేదు, మరుసటి వారం ఎవరూ తిరిగి రాలేదు.

మరి ఊరు ఏ పని అడుగుతుంది? పిల్లలు తెచ్చే జవాబుల్లో ఏముంటుందో నేను ముందుగా చెప్పలేను గానీ, మీ తీరంలో ఒక భయం తప్పకుండా బయటపడుతుందని అనుకుంటున్నాను: సముద్రం ముందుకు వస్తోందన్న భయం. రుషికుల్య మొగకు దగ్గరి పొడంపేటలో కెరటాలు ఇళ్ళను పడగొట్టడంతో జనం పాత ఊరు వదిలి కొత్త చోటికి పోవలసి వచ్చిన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఊరివాళ్ళకు పడవ లాగి నిలపడానికి, చేప ఎండబెట్టడానికి, వల పరిచి బాగుచేసుకోవడానికి పోటు అందని పొడి ఇసుక కావాలి. తాబేలు గుడ్లు పెట్టడానికీ సరిగ్గా అటువంటి ఇసుకే కావాలి. తుపాను కెరటాన్ని ఇళ్ళదాకా రానివ్వకుండా ముందుగా అడ్డుకునేది కూడా ఆ ఇసుక మెట్టే. వేట నిషేధం దగ్గర తాబేలుకూ మత్స్యకారుడికీ మధ్య పేచీ ఉంది, ఇసుక దగ్గర మాత్రం ఇద్దరి అవసరమూ ఒకటే. మీ పిల్లల పని అక్కడ మొదలుపెట్టమని నా సలహా. ఒడ్డు వెడల్పును నెలనెలా కొలిచి రాయించండి.

దీనికి ఖర్చు లేదు, పద్ధతి మాత్రం తప్పకూడదు. ఊరికి వెనుకవైపు కదలని గుర్తులు మూడు ఎంచుకోండి. తుపాను షెల్టరు మూల కావచ్చు, గుడి అరుగు కావచ్చు, పాత బావి గట్టు కావచ్చు. ఊరికి దక్షిణాన ఒకటి, నడుమ ఒకటి, ఉత్తరాన ఒకటి ఉంటే చాలు. ఆ గుర్తు నుంచి సముద్రం వైపు తిన్నగా నడుస్తూ, రాత్రి పోటు చేరి వెనక్కు తగ్గినప్పుడు వదిలిన చెత్త గీత వరకు కొలవాలి. నీటి అంచు దాకా కొలిస్తే లెక్క కుదరదు, అది నిమిషనిమిషానికీ మారుతూ ఉంటుంది. మీటరుకొక ముడి వేసిన వల తాడు కొలతకు పనికివస్తుంది. తడిసినా లాగినా తాడు సాగుతుంది కనుక ప్రతిసారీ ముందుగా టేపుతో సరిచూసుకోమనండి. పౌర్ణమి మరునాడు గానీ అమావాస్య మరునాడు గానీ ఉదయం కొలిస్తే పోటు దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది, ఎందుకంటే ఆ రోజులకు అటూ ఇటూ సూర్యుడి ఆకర్షణ, చంద్రుడి ఆకర్షణ ఒకదానికొకటి తోడై పోటు బాగా ఎత్తుకు వస్తుంది. పుస్తకంలో చదివితే మరుసటి రోజుకు మరిచిపోయే ఈ విషయం, తాడు పట్టుకుని నిలబడ్డ పిల్లకు జీవితాంతం గుర్తుంటుంది. మీ ఊళ్ళో వేటకు పోయే ప్రతివారికీ తిథికీ పోటుకూ ఉన్న సంబంధం తెలుసు కాబట్టి, ఆ పాఠం చెప్పేందుకు మీరు కూడా అక్కర్లేదు, ఒక తాతను పిలవండి.

పెద్ద పిల్లలు వెడల్పుతో ఆగకుండా వాలును కూడా కొలవగలరు. ఒకే ఎత్తు ఉన్న రెండు కర్రలు తీసుకుని, ఒక్కోదాని మీద పైనుంచి కిందికి సెంటీమీటర్ల గీతలు గీసి, రెండింటినీ రెండు మీటర్ల తాడుతో కలపండి. ఒక కర్ర ఊరివైపు, ఒకటి నీటివైపు నిలబెట్టి, ఊరివైపు కర్ర దగ్గర నిలబడ్డవారు నీటివైపు కర్ర కొసనూ దూరాన సముద్రమూ ఆకాశమూ కలిసే గీతనూ ఒకే చూపులో కలిపి చూడాలి. ఆ చూపు తమ కర్రను ఎక్కడ దాటుతుందో అక్కడి గీత చదివితే ఆ రెండు మీటర్లలో ఇసుక ఎంత కిందికి దిగిందో తెలుస్తుంది. అలా రెండేసి మీటర్లు జరుగుతూ పోయి, వచ్చిన అంకెలను గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే ఒడ్డు ఆకారం కాగితం మీదికి వస్తుంది. తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలోని గ్రాఫుకు ఒక అర్థం ఉందని ఆ రోజు వాళ్ళకు తెలుస్తుంది.

ఈ కొలతలతో తొందరపడి తీర్మానాలు చేయవద్దని ముందే హెచ్చరిస్తున్నాను. నైరుతి రుతుపవనాల కాలంలో బలమైన కెరటాలు ఒడ్డు ఇసుకను లాక్కుపోతాయి, సముద్రం నెమ్మదించాక చాలావరకు తిరిగి తెచ్చి వేస్తాయి. ఒక్క ఆషాఢ శ్రావణాలు చూసి ఊరు పోతోందని చాటింపు వేస్తే, మార్గశిరంలో ఇసుక తిరిగి వచ్చినప్పుడు పిల్లల మాటకు విలువ పోతుంది. ఏటా అదే తిథికి పోల్చి చూస్తేనే నిజమైన కోత ఎంతో బయటపడుతుంది, అంటే కనీసం రెండేళ్ళు ఓపిక పట్టాలి. మీ తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఆ దారికి అడ్డంగా రాతి గట్టు ఏదైనా వస్తే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు కోత పడుతుంది. రుషికుల్య మొగ కూడా ఒకేచోట నిలవదు, ఇసుక మేటతో ఏటేటా జరుగుతుంది. మూడు గుర్తులు పెట్టుకోమని చెప్పింది ఇందుకే. ఒకచోట పెరిగి మరోచోట తగ్గితే, అది ఊరంతటికీ వచ్చిన ముప్పా లేక ఇసుక స్థలం మారడమా అని పిల్లలే వాదించుకోగలుగుతారు.

కొలత మొదలుపెట్టిన రోజే ఒక పని అదనంగా చేయండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. దాదాపు పది లక్షల మందిని ముందుగా సురక్షిత ప్రాంతాలకు తరలించిన తుపాను అది. మీ పెద్ద పిల్లలు అప్పుడు పసివాళ్ళు, చిన్నవాళ్ళు పుట్టనే లేదు. అంతకు ముందు ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో, పడవలు ఎక్కడ నిలిపేవారో, ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో పెద్దలను పిలిచి ఇసుకలో నడిపించి, వాళ్ళు చూపిన చోట కర్రలు పాతించండి. జ్ఞాపకంలో పొరపాట్లు ఉంటాయి, ఇద్దరు చెప్పింది కలవకపోవచ్చు. అయినా పెద్దవాళ్ళు పిల్లల పనికి గురువులుగా వచ్చి నిలబడతారు, ‘ఇది తాబేళ్ళవాళ్ళ వ్యవహారం’ అనే అనుమానం తగ్గడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తోచదు.

ప్రతి నెలా వచ్చిన అంకెను తుపాను షెల్టరు గోడ మీదనో, పంచాయతీ కార్యాలయం గోడ మీదనో అందరికీ కనిపించేలా రాయడానికి అనుమతి తీసుకోండి. ఏడాది తిరిగాక పిల్లలు గ్రామసభలో తమ లెక్కను తామే చదవాలి. ఆ పుస్తకం చూపగానే ప్రభుత్వం గోడ కడుతుందనీ, పునరావాసం ఇస్తుందనీ పిల్లలకు ఆశ పెట్టకండి, అది మీ చేతిలో ఉన్నది కాదు. తారీఖులతో కూడిన లెక్క ఉన్న ఊరు, ‘సముద్రం ముందుకు వస్తోంది’ అని మాత్రమే చెప్పగల ఊరికంటే బలంగా మాట్లాడగలదన్నంత వరకు చెప్పవచ్చు. కొత్త ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి, వలల షెడ్డు ఎక్కడ వేయాలి అనే నిర్ణయాలకు ఊరు తనంతట తానే దానిని వాడుకోవచ్చు.

చెత్త సంగతికి వస్తాను. ఆ పనిని మానవద్దు, తీరు మార్చండి. ఊరి ముందు వంద మీటర్ల ఒడ్డు ఒకటి గుర్తుపెట్టుకుని, నెలకొకసారి ఆ మేర మాత్రమే ఏరించి, ఏరినదాన్ని కుప్పలుగా విడదీసి తూకం వేయించండి. తెగిన నైలాన్ వల ముక్కలు ఒక కుప్ప, గుట్కా, చిప్స్ కవర్లు ఒకటి, చెప్పులూ థర్మోకోలూ ఒకటి, సీసాలు ఒకటి. ఏది ఊళ్ళోది, ఏది వరదలో నది తెచ్చినది, ఏది విహారానికి వచ్చినవారు వదిలినది అని పిల్లలు ఊహించి, తర్వాత గమనించి తేల్చాలి. నది తెచ్చేది ఎక్కువైతే మీ ఊరివాళ్ళను నిందించి ప్రయోజనం లేదని తెలుస్తుంది, దుకాణాల కవర్లే ఎక్కువైతే పంచాయతీని చెత్త తొట్టి అడగడానికి ఆధారం దొరుకుతుంది. వల ముక్కల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. నీటిలో వదిలేసిన నైలాన్ వల ఏళ్ళ తరబడి కుళ్ళదు, చేపనూ పీతనూ తాబేలునూ పట్టి చంపుతూనే ఉంటుంది, ఇంకొకరి పడవ ఇంజను పంకాకు చుట్టుకుంటుంది. ఇది మత్స్యకారులకు తెలిసిన బాధే కాబట్టి, చిరిగిన వలలు వేయడానికి ఒడ్డున ఒకచోటు ఏర్పాటు చేద్దామని పిల్లలు అడిగితే కాదనేవారు తక్కువ. నాచు, కొట్టుకొచ్చిన కొమ్మలు, గవ్వలు చెత్త కావు, వాటిని తీయనివ్వకండి. బాలబంద తీగనూ రావణాసురుడి మీసాలనే గరుకు గడ్డినీ పీకి ఒడ్డును నున్నగా చేయడం అన్నిటికంటే పెద్ద తప్పు, గాలికి ఎగిరే ఇసుకను పట్టి నిలిపేవి అవే.

తాబేళ్ళను మాఘ ఫాల్గుణాలకు వదిలిపెట్టండి, అప్పటికి పిల్లల కళ్ళు ఒడ్డును చదవడం నేర్చుకుని ఉంటాయి. రుషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకొద్దీ ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెట్టడం శాస్త్రవేత్తల లెక్కల్లోకి ఎక్కింది 1994లో. ఊళ్ళవాళ్ళకు అంతకు ముందే తెలుసు. ఆ తర్వాత పురుణాబంధ, గోఖరాకుడ, పొడంపేట ప్రాంతాల యువకులు రాత్రులు ఒడ్డున తిరిగి గుడ్లను కుక్కలూ నక్కలూ తవ్వకుండా కాపలా కాశారు. పిల్లలకు చెప్పదగిన చరిత్ర మీ పక్క ఊళ్ళలోనే ఉంది. 2024లో ఇక్కడ సామూహికంగా గుడ్లు పెట్టలేదు, 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్ళు వచ్చాయి. ఒక ఏడాది ఎందుకు రాలేదో, మరో ఏడాది ఎందుకు అంతగా వచ్చాయో అడిగి, ఒడ్డు వాలు, గాలి, ఇసుక తిన్నె జరగడం వంటి కారణాలను తమ కొలతలతో పోల్చి చూసుకునే అవకాశం భారతదేశంలో చాలా కొద్ది ఊళ్ళ పిల్లలకే ఉంటుంది.

రాత్రివేళ పిల్లలను తీసుకువెళ్ళవద్దు. తెల్లవారుజామున ఇసుక మీద మిగిలిన జాడలు చాలు. తాబేలు ఎక్కిన జాడ, దిగిన జాడ, కుక్కలు తవ్విన గూళ్ళు, చచ్చి కొట్టుకొచ్చినవి ఉంటే వాటి తారీఖు, చోటు రాసుకుని, ముట్టకుండా అటవీశాఖవారికి చెప్పడం వరకే వాళ్ళ పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత కఠిన రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో సముద్ర తాబేళ్ళు ఉన్నాయి. గుడ్లను గానీ తాబేలు పిల్లలను గానీ పట్టుకోవడం, బకెట్లలో మోసి ఫోటోల కోసం నీళ్ళలో వదలడం చట్టరీత్యా కూడా కుదరదు. మీ నడకకు ముందే అటవీశాఖ బరంపురం డివిజన్ సిబ్బందితో మాట్లాడి ఉంచుకోండి. ఒక్కో గూట్లో వందకు అటూ ఇటూగా గుడ్లుంటాయి, నెలా ఇరవై రోజుల తర్వాత తాబేలు పిల్లలు ఎక్కువగా రాత్రిపూట బయటికి వచ్చి, వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు పాకుతాయి. మనుషులు లేని ఒడ్డున ఆ దిక్కు సముద్రమే. వీధి దీపాలున్న చోట అవి ఊరివైపు వస్తాయి. ఒడ్డు నుంచి ఎన్ని దీపాలు కనిపిస్తున్నాయో సాయంత్రం తల్లిదండ్రులతో కలిసి గుర్తించి పటం గీయించడం మంచి సేవ. అయితే దీపాలు ఆర్పేయమని అడగనివ్వకండి, చీకటిలో నడిచే ఆడవాళ్ళకు ఆ వెలుతురు అవసరం. సముద్రం వైపు రేకు మూత బిగించి, వెలుగు నేల మీదికి మాత్రమే పడేలా చేయమని పంచాయతీని అడిగితే ఇద్దరికీ సరిపోతుంది.

ఆడపిల్లల విషయంలో తల్లుల సంకోచం అర్థం చేసుకోదగినదే. వాళ్ళను ఒప్పించడానికి ఉపన్యాసం పనికిరాదు, వేళ మార్చండి, తోడు మార్చండి. ఉదయం పూట, నలుగురు తల్లులు వంతులవారీగా వెంట వచ్చే ఏర్పాటు చేస్తే చాలావరకు సమసిపోతుంది. చేపను ఎండబెట్టే ఆడవాళ్ళకు గాలి, ఎండ, తేమ, ఇసుక వేడి గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, ఒక రోజు పాఠం వాళ్ళ చేతనే చెప్పించండి. ఇరవైమంది పిల్లలకు కనీసం ముగ్గురు పెద్దలు, వారిలో ఒకరు బాగా ఈదగల మత్స్యకారుడు ఉండాలి. మొగ దగ్గర ప్రవాహం ఒక్క క్షణంలో మారుతుంది, అక్కడ ఎవరినీ నీటిలోకి దిగనివ్వకండి. తల్లిదండ్రుల సంతకం, చేతి తొడుగులు, తాగే నీళ్ళు లేకుండా బయలుదేరవద్దు. మార్చి దాటితే ఎనిమిదింటికల్లా నీడకు చేరాలి.

వానాకాలంలో సముద్రం పోటెత్తి ఒడ్డున తిరగడం ప్రమాదమైనప్పుడు పాఠాన్ని లోపలికి మార్చండి. మీ జిల్లాకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు తెచ్చిన మొగలి పువ్వు కోతకు వచ్చేది అప్పుడే. ఆ పూలు కోసేవారిని, అత్తరు దించే బట్టీవారిని కలిస్తే ఒక పొద మీద ఎన్ని ఇళ్ళు బతుకుతున్నాయో తెలుస్తుంది. చలికాలంలో ఛత్రపురం పక్కన తంపరా సరస్సుకు ఒకసారి తీసుకువెళ్ళి పక్షులను లెక్కించండి, అది ఇప్పుడు రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద ముఖ్యమైనదిగా గుర్తించినది. పెద్ద పిల్లలకు చిలికా కథ చెప్పండి. మొగ పూడుకుపోయి ఉప్పదనం తగ్గి, చేపలు క్షీణించి, 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సుకు 2000లో కొత్త మొగ తవ్వితే 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. తమ రుషికుల్య మొగను చూస్తున్న పిల్లలకు ఆ కథ వెంటనే పట్టుబడుతుంది.

ఏ పని చేయించినా, ముగిశాక అరగంట కూర్చోబెట్టి మాట్లాడించకపోతే అది వట్టి కూలిపని అవుతుంది. ఈ రోజు ఏది అనుకోనిది కనిపించింది, ఎవరి మాట మన లెక్కతో కలవలేదు, మన పని వల్ల ఎవరికి లాభం, ఎవరికైనా ఇబ్బంది కలిగిందా, వచ్చేసారి ఏం మార్చాలి అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. మౌనంగా ఉండే పిల్లలకు రాసే సమయం ఇవ్వండి. పది మార్కుల ప్రశ్నలకు అలవాటుపడిన పిల్లలు మొదట్లో మీరు వినాలనుకున్నదే చెబుతారు, తప్పు అనరని నమ్మకం కుదిరాక అసలు మాటలు బయటికి వస్తాయి.

బడితో కలవడం కష్టం కాదు. పర్యావరణాన్ని పాఠ్యాంశంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో ఆదేశించింది. జాతీయ హరిత దళం కింద బడుల్లో ఎకో క్లబ్బులు ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా నేర్చుకునే వీలు కల్పించింది. స్థానిక సమస్య మీద పిల్లలు స్వయంగా చేసిన పరిశోధనను బాలల సైన్స్ కాంగ్రెస్‌లో ప్రదర్శించవచ్చు, మీ ఇసుక కొలతలు అందుకు చక్కగా సరిపోతాయి. ప్రధానోపాధ్యాయుడిని ఈ నాలుగు మాటలతో కలవండి. ఆయన ఒప్పుకోకపోయినా ట్యూషన్ పిల్లలతో పని ఆపనక్కర్లేదు. పదో తరగతి వారిని మాత్రం డిసెంబరు నుంచి పరీక్షలయ్యే వరకు వదిలేయండి, లేకపోతే తల్లిదండ్రుల నమ్మకం పోతుంది.

చివరిగా ఆ సంస్థ విషయం. వద్దని తోసిపుచ్చకండి, అలాగని వాళ్ళు చెప్పిన రోజుకు పిల్లలను వరుసలో నిలబెట్టకండి. రోజు మీరు నిర్ణయించండి. కార్తీక పౌర్ణమి మరునాడు మొదటి కొలత పెట్టుకుంటే ఆ ఉదయానికి రమ్మనండి, వచ్చి పిల్లల పక్కన తాడు పట్టుకోమనండి. టోపీలకు, బ్యానర్లకు పెట్టే డబ్బుతో యాభై మీటర్ల టేపు ఒకటి, వేలాడే తూకం ఒకటి, చిన్న చేతులకు సరిపోయే తొడుగులు ఇరవై జతలు, ప్రథమ చికిత్స పెట్టె ఒకటి తెమ్మనండి. ఏడాదిలో మరో రెండుసార్లు, అందులో ఒకసారి వానాకాలం తర్వాత, తప్పక రావాలని రాతపూర్వకంగా అడగండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫోటోలు ఎక్కడా పెట్టరాదని, తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో బస్సులతో సందర్శకులను తీసుకురారాదని కూడా ఆ ఉత్తరంలోనే రాయండి. వీటికి ఒప్పుకుంటే వాళ్ళు మీకు మంచి తోడు అవుతారు. ఒప్పుకోకపోతే, టేపు ఊళ్ళో తాపీమేస్త్రి దగ్గర, తూకం ఎండుచేపల వ్యాపారి దగ్గర అడిగి తెచ్చుకుని మొదలుపెట్టండి.